నాయనను కూర్చోబెట్టిన పొద్దు

మా ఇండ్లల్లో పోయినోళ్లను పండబెట్టరు, కూర్చోబెడతారు. మేం లింగం కట్టుకునేటోళ్లం. మాకు పాడె లేదు, కాల్చేది లేదు. పానం పోతానే, ఒళ్లు ఇంకా వెచ్చగా ఉండంగానే, కాళ్లు మడిచి బాసిపట్టు వేయించి గోడకు ఆనించాల. అట్లనే పల్లకిలో ఊరంతా తిప్పి, అట్లనే గుంతలో దించి, ఎడమ అరచేతిలో లింగం పెట్టి, ఈబూది, పత్రి, ఉప్పు పోసి పూడుస్తారు. బతికినన్నాళ్లు శివుని ముందర ఎట్ల కూర్చుంటిమో పోయినాక కూడా అట్లే కూర్చోవాలనేది మా పెద్దోళ్ల లెక్క. చిన్నప్పటి నుంచి చూసిందే కాబట్టి నాకు అందులో వింతేమీ కనపడలేదు. వేరేవాళ్ల పీనుగలు పండుకోని పోతాంటేనే నాకు వింత.

నేను బస్సు కండక్టర్ని. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మీద చాగలమర్రి దాకా ఏండ్ల తరబడి అరిచి అరిచి నా గొంతు మొగగొంతు అయిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా యన్న నన్ను ఎగతాళి చేస్తాంటాడు. నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటా. మంచి నోరున్నోళ్లతో నాయన పోయినప్పుడు ఆ పని అయ్యేది కాదు, అది కూడా వాడు ఒప్పుకోవాల.

నాయనకు మోకాళ్ల నొప్పులు. పోయే ముందర పదేండ్ల నుంచి ఆయన నేల మీద కూర్చోలేదు. కుడిది ఎట్లనో సగం వంగేది. ఎడమది అసలు వంగదు. పెండ్లికి పోయినా, పూజకు కూర్చున్నా, కుర్చీలో ఆ కాలు ముందరికి చాపుకోని ఉండేటోడు. దారిలో అడ్డం పెట్టినావు, తీయి అని మా అమ్మ బతికున్నన్నాళ్లు ఆ కాలుతోనే కొట్లాడింది. నంద్యాలలో ఎముకల డాక్టరు ఆపరేషన్ చేస్తానంటే నాయన ఒప్పుకోలేదు. రోజూ కాలు వంచే కసరత్తన్నా చెయ్యమంటే చెయ్యడు. నేను సెలవు దినం పోయి నూనె రాసి మెల్లగా వంచబోతే నా చెయ్యి ఇసిరికొట్టేవాడు. నీ అంత మొండోణ్ణి నేను బస్సులో కూడా చూళ్లేదు నాయనా, నీ కాలికి తుప్పు పట్టింది, నీ బుద్ధికి కూడా పట్టింది అని నేను తిట్టేదాన్ని.

అమ్మ పోయిన మరుసటేడు, ఒకసారి అట్లా నూనె రాస్తాంటే, నాయన ఉన్నట్టుండి మా పెదనాయన సంగతి ఎత్తుకున్నాడు. పెదనాయన అంటే నాయనకు అన్న. నాకు ఊహ తెలీకముందే పోయినాడు. ఆయన కొడుకు దూరాన ఎక్కడో పనిలో ఉంటే, వాడు వచ్చేదాకా ఆపుదామని ఒక పూట ఆపినారంట. ఆ ఏడుపుల్లో కూర్చోబెట్టే సంగతి ఎవరికీ తోచలేదు. వాడు వచ్చేసరికి పీనుగ కొయ్యబారిపోయింది. పొద్దు గుంకే లోపల పూడ్చాలని మోకాళ్ల మీద మనిషి కూర్చోని వంచినారంట. రెండుసార్లు ఎముక ఇరిగిన సద్దు వచ్చిందంట, కాలికొకటి. నాయన వాకిట్లో నిలబడి విన్నాడు.

అదంతా చెప్పి నా చెయ్యి పట్టుకున్నాడు. "పాపా, నన్ను మీ అమ్మ పక్కన కూర్చోబెట్టండి. పండబెట్టొద్దు. కానీ కాళ్లు ఇరవనియ్యొద్దు."

పోయినాక నొప్పి యాడుంటది నాయనా, ఊరికే భయపడతావు అంటి నేను.

"నాకు ఉండకపోవచ్చు. ఇనేటోళ్లకు ఉంటది" అనె నాయన.

సరే నాయనా, ఇరవనియ్యను అని చెప్తి. నూనె చేతులతో చెప్పిన మాట అది. అప్పుడు దాని బరువు నాకు తెలీలేదు.

నాయన పోయింది ఏప్రిల్‌లో. ఊపిరాడటం లేదంటే నంద్యాలలో ఆసుపత్రిలో చేర్పించినాం, మూడో దినం తెల్లారుతాంటే పోయినాడు. పక్కన నేనొక్కదాన్నే. బెంగళూరులో ఉండే మా యన్నకు ఫోను చేద్దామని బయటికి పోయి, ఏడ్చేవాణ్ణి ఓదార్చి, ఊర్లో చిన్నాయనకు చెప్పి లోపలికి వస్తే, ఆసుపత్రోళ్లు వాళ్ల పని వాళ్లు చేసేసినారు. కాళ్లు బార్లా చాపి, బొటనవేళ్లు రెండూ గుడ్డపేలికతో కట్టి, దవడకు కట్టు కట్టి, మెడ దాకా దుప్పటి కప్పినారు. అందరికీ చేసేది అదే, వాళ్ల తప్పేముంది. అప్పుడన్నా నీకు తెలీదా, కాళ్లు మడవాలని, అని మా వదినె తర్వాత అడిగింది. తెలుసు. పుట్టినప్పటి నుంచి తెలుసు. నాయన లేడని తెలిసిన గడియలో తెలిసిందంతా యాడికి పోతుందో ఆమెకు కూడా ఒకనాడు తెలుస్తుంది.

మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. అంబులెన్సులో మధ్యానానికి ఇంటికి చేరినాం. అన్న దారిలో ఉండాడు, వచ్చేసరికి పొద్దు గుంకుతుంది. నాయన చెడిపోకూడదు, ఫ్రీజర్ పెట్టె తెప్పించండి అని వాడే ఫోనులో చెప్పినాడు. ఆ ఎండకు అందరికీ అది సబబుగానే తోచింది. పెట్టె వచ్చింది, నాయనను అందులో పెట్టి మూత వేసినారు. అద్దంలోంచి మొఖం కనపడతాంది. వచ్చినోళ్లంతా మొఖం చూసి ఏడ్చి పోయినారు. ఎంత మంచోడమ్మా, చీమకు కూడా అపకారం చేయనోడు అని తలా ఒక మాట. చచ్చినోని కండ్లు చారెడు అంటారు కదా. చేని గట్టు కాడ ఏటా తగువు పెట్టుకున్న మనిషి వచ్చి అందరికంటే గట్టిగా ఏడ్చినాడు. కాళ్ల సంగతి మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు.

రాత్రికి అన్న చేరినాడు. మరుసటి పొద్దున జంగమయ్య వచ్చినాడు. మా ఇండ్లల్లో పెండ్లికైనా చావుకైనా మంత్రం చెప్పేది ఆయనే. ముసలాయన, మా తాత కాలం నుంచి వస్తాండాడు. చేను కాడ అమ్మ సమాధి పక్కన గుంత తవ్వేదయిపోయింది, పల్లకికి పూలు కట్టేదయిపోయింది. స్నానం చేయించేదానికి పెట్టె మూత తీసినారు. ఇద్దరు మనుషులు భుజాల కింద చేతులు పెట్టి ఎత్తితే నాయన తల నుంచి మడమ దాకా ఒక్క ముక్కగా లేచినాడు. ఆడోళ్ల ఏడుపు టక్కున ఆగిపోయింది. జంగమయ్య మా చిన్నాయన దిక్కు చూసినాడు.

చిన్నాయన నాయనకు తమ్ముడు. డెబ్బై దాటినోడు, ఇప్పుడు మా ఇంటికి ఆయనే పెద్ద. మాట తక్కువ, చెప్పిందే వేదం. ఆడోళ్లందరినీ ఇంట్లోకి పొమ్మన్నాడు. ఊర్లో ఇద్దరు మొగోళ్లను పేరు పెట్టి పిలిచినాడు. తర్వాత వాకిట్లో ఉన్న డప్పులోళ్లను ఇంకా దగ్గరికి వచ్చి గట్టిగా కొట్టమన్నాడు. గట్టిగా ఎందుకో నాకు ఒక్క గడియ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ సద్దు బయటికి ఇనపడకూడదని.

నేను ఇంట్లోకి పోలేదు. నాయనను దించిన చాప కాడికి పోయి, ఆయన మోకాళ్ల మీద నా రెండు చేతులు పెట్టి కూర్చుంటి. లెయ్యమన్నారు. లెయ్యనంటి. అన్న వచ్చి భుజం పట్టుకున్నాడు, చెయ్యి తీయకపోతే కొరుకుతా అంటి. ఈ వయసులో ఇదేం పని అని ఎవరో గొణిగినారు. నాయన నాకు చెప్పింది చెప్తి, గట్టిగా, డప్పుల కంటే గట్టిగా. ఆ డప్పులు ఆపండి ముందు అని డప్పులోళ్ల మీద కూడా అరిస్తి. వాళ్లు పాపం ఆపినారు.

చిన్నాయన నా ముందర కూర్చున్నాడు. అయితే పండబెట్టి పూడుద్దామా, చెప్పు, అన్నాడు. మీ అమ్మ కూర్చోని ఉండాది, మా నాయన కూర్చోని ఉండాడు, మా తాత కూర్చోని ఉండాడు, ఆ వరసలో నీ నాయన ఒక్కడు పండుకోని ఉండాల్నా? నేను దానికి కూడా ఒప్పుకోనంటి. నాయన పండబెట్టొద్దన్నాడు, ఇరవొద్దన్నాడు. రెండూ జరగాల.

మరి ఎట్ల అనె ఆయన. నాకు తెలీదంటి. అది నిజం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని అందరికీ తెలుసు గాని, ఆ పొద్దు నా చేతిలో కుందేలు కూడా లేదు.

ఆ సద్దు నువ్వు విన్యావా చిన్నాయనా, పెదనాయనప్పుడు, అని అడిగితి. వింటే ఇంకొకరికి ఎట్ల చేయిస్తాండావు?

"నేనే కూర్చున్నా మోకాళ్ల మీద" అన్నాడు. "ఎవురో ఒకరు చెయ్యాల కదా మే పాపా. మీ తాత నన్నే చెయ్యమన్నాడు, చిన్నోణ్ణని."

మా నాయన ఆ కథ చెప్పినాడు గాని ఎవరు కూర్చున్నారో చెప్పలేదు. ఒకే ఇంట్లో, ఒకే వాకిట్లో అన్ని ఏండ్లు కలిసి కాఫీ తాగిన అన్నదమ్ములు.

ఏం చేయాలో తోచక ఎముకల డాక్టరుకు ఫోను చేస్తి. నాయన మోకాళ్లు చూసిన డాక్టరే, నా బస్సులో ఎన్నోసార్లు వచ్చినాడు, మంచి మనిషి. ఫోనును అందరికీ ఇనపడేటట్ల పెట్టమని అన్న అన్నాడు గాని, నేను గోడ పక్కకు పోయి నా చెవి కాడే పెట్టుకున్నా. బిగుసుకునేది ఎముక కాదమ్మా, కండ అన్నాడు ఆయన. మొదట దవడ, మెడ, ఆ తర్వాత చేతులు, ఆఖరికి కాళ్లు. వదిలేటప్పుడు కూడా అదే వరసలో దానంతట అదే వదులుతుంది, ఎవరికైనా వదులుతుంది, కొంచెం ఓపిక పడితే చాలు. మీరు చలిలో పెట్టినారు కాబట్టి ఆలస్యం. బయట పెట్టండి, ఈ ఎండకు సందకాడికి వదలొచ్చు. కానీ అదే ఎండకు కడుపులో కుళ్లేది మొదలవుతుంది. కడుపు మీద ఐసు పెట్టి, కాళ్లకు వేడినీళ్ల గుడ్డలు కప్పండి. ఏది ముందు జరుగుతుందో నేను చెప్పలేను. ఆ ఎడమ మోకాలు మాత్రం నా మీద పెట్టొద్దు, ఒళ్లంతా వదిలినా అది వంగకపోవచ్చు.

వెనక్కి వచ్చి, సందకాడికి వదులుతుందంట అని మాత్రం చెప్తి. ఎడమ మోకాలు సంగతి మింగేస్తి. చెప్తే ఇంక ఆగేటోళ్లు ఒక్కరు కూడా ఉండరు.

చిన్నాయన గోడ నీడ దిక్కు చూసినాడు. "ఆ నీడ గేటు కాడికి వచ్చేదాకా చూస్తా. ఆ తర్వాత నువ్వు అడ్డం రాకూడదు. మాటియ్యి."

ఇస్తి. ఇయ్యక ఏం చేస్తా. పొద్దు గుంకితే ఇంకొక రాత్రి పెట్టెలో పెట్టాల, మళ్లీ కొయ్యబారాల, మూడో దినం ఈ ఒళ్లు ఏమవుతుందో ఎవరికి తెలుసు.

నాయనను వసారాలో మంచం మీదికి మార్చినాం. అన్న కారేసుకోని ఆళ్లగడ్డకు పోయి ఐసు గడ్డలు తెచ్చినాడు. నీచు తగిలిన చేపల అంగడి ఐసు కాదు, చెరుకురసం అంగడిదే అని దిగంగానే జంగమయ్యకు వివరం చెప్పుకున్నాడు. ఆయన తల ఊపినాడు. గోనెసంచిలో చుట్టి కడుపు మీద పెట్టినాం. పొయ్యి మీద నీళ్లు కాగుతాంటే నేను గుడ్డలు ముంచి పిండి తొడల మీద, మోకాళ్ల మీద, పిక్కల మీద కప్పేది, చల్లారినాక తీసేది, మళ్లీ ముంచేది. పైన ఐసు, కింద వేడి. మా వదినె సాంబ్రాణి వేసింది, ఈగలు తోలింది. ఆ పొద్దు మొదటిసారి ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

మధ్యానానికి ఎండ ముదిరింది. నాయన ముక్కులోంచి నల్లటి నీళ్లు సన్నగా కారినాయి. తుడిచి దూది పెట్టినా. కాసేపటికి ఐసు కరిగి మంచం కింద మడుగు కట్టింది, అన్న మళ్లీ ఆళ్లగడ్డకు పోయినాడు. కడుపు రవంత లేచినట్లు నాకే అనిపించిందో, నిజంగానే లేచిందో తెలీదు. ఆ తర్వాత వాసన మొదలైంది. సాంబ్రాణిలో కలిసి వచ్చే వాసన. ఆడోళ్లు కొంగులు ముక్కుకు పెట్టుకోని ఒకరొకరే గేటు దిక్కు జరిగినారు. నాకు వాంతి వచ్చినంత పనయింది. గొంతు దాకా వచ్చింది, మింగినా. నా నాయన పక్కన కూర్చోని నాకు అసహ్యమేసింది. అది చెప్పుకునేదానికి నేను సిగ్గుపడను. ఒళ్లు దాని పని అది చేసుకుంటాంది, దానికి మనం బిడ్డలమని తెలీదు.

మొదట వదిలింది దవడ. కట్టు విప్పితే నోరు మెల్లగా తెరుచుకుంది. మెడ పక్కకు తిప్పితే తిరిగింది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. వేళ్లు ఒకటొకటే విప్పితే విప్పుకున్నాయి. తడి గుడ్డ కిందికి పెట్టేదానికి అన్న, నేను నాయనను నడుం దాకా పైకి లేపినాం. అప్పుడు నాయన నోట్లోంచి పొడుగ్గా ఒక మూలుగు వచ్చింది. బతికున్నప్పుడు కుర్చీలోంచి లేసేటప్పుడు ఎట్ల మూలుగుతాండెనో, అట్లనే.

గేటు కాడ ఎవరో బతికినాడని కేక పెట్టినారు. అన్న నాయనను పండబెట్టి రొమ్ము మీద చెవి ఆనించినాడు. తీయడు. ఊపిరి ఉండాదేమో చూడు, పెట్టెలో పెట్టి మనమే చంపితిమేమో అంటాండాడు. వాని మొఖంలో ఆశ చూసి నాకు చచ్చే భయమేసింది. ముక్కులోంచి నల్లనీళ్లు తుడిచింది నేను. నాకు తెలుసు. తెలిసి కూడా నాయన కనురెప్పల దిక్కు చూస్తా నిలబడిపోయినా, కదులుతాయేమోనని. జంగమయ్య వచ్చి అన్నను లేపినాడు. లోపల ఆగిన గాలప్పా, ఎత్తితే బయటికొచ్చింది అన్నాడు. అన్న తడి నేల మీద కూలబడి చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు.

దాంతో జనం తిరగబడినారు. ఇంక చాలు, ముసలాయనను ఇంత హింస పెట్టాల్నా, ఊరికి కూడా మంచిది కాదు, తొందరగా కానీయండి అని తలా ఒక దిక్కు. చిన్నాయన పిలిచిన ఇద్దరు మనుషులు మళ్లీ లోపలికి వచ్చినారు. నీడ గేటు దగ్గర పడతాంది. నేను గేటును చూడటం మానుకోని పని చేస్తి. మోచేతులు వదిలినాయి. తుంటి కాడ పట్టుకోని కుడి కాలు లేపితే లేచింది. కుడి మోకాలు ఇంత వంచితే ఆగింది. బలవంతం చేయలేదు, మళ్లీ వేడి గుడ్డ కప్పినా, పిక్కలు పిసికినా, మళ్లీ వంచినా. మూడోసారో నాలుగోసారో అది మడుచుకుంది.

మిగిలింది ఎడమది. చిన్నాయన మంచం కాడికి వచ్చి నిలబడినాడు. నీడ గేటు కింద కమ్మీని తాకింది, ఇద్దరం చూసినాం. ఒక్క గడియ చిన్నాయనా అంటి. నా గొంతు నాకే గుర్తు పట్టలేనంత చిన్నగా వచ్చింది. ఆయన వద్దనలేదు.

ఎడమ కాలు మడమ కింద ఒక చెయ్యి, మోకాలి కింద ఒక చెయ్యి పెట్టినా. పదేండ్లుగా పెట్టినట్లే. వంచబోతా, అలవాటు కొద్దీ నాయన మొఖం దిక్కు చూసినా. ఏ కాడ మొఖం ముడుచుకుంటే ఆ కాడ ఆపేసేది నాకు అలవాటు. మొఖం కదల్లేదు. ఇంకొంచెం వంచినా. ఇంకొంచెం. కాలు నా చేతుల్లో మెత్తగా, ఏ అడ్డూ లేకుండా మడుచుకోని మడమ తొడ కిందికి వచ్చింది. సద్దు లేదు.

అంటే ఇన్నాళ్లు ఆ కాలును ఆపింది ఎముక కాదు. నొప్పి. ఒట్టి నొప్పి. ఎంత నొప్పి పడుంటే ఒక మనిషి తన కాలును పదేండ్లు అట్ల గట్టిగా చాపుకోని ఉంటాడు? మొండోడని తిడితిని. తుప్పు పట్టిందంటిని. ఇప్పుడు ఆ మోకాలు వంగిందంటే లోపల నొప్పి పడే మనిషి లేడని. ఆసుపత్రిలో నాయన పోయినాడన్నప్పుడు గాని, పెట్టెలో పెట్టినప్పుడు గాని నాకు తెలీనిది అప్పుడు తెలిసింది. నాయన పోయినాక నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే. మడిచిన కాలు ఇడిచిపెట్టకుండా ఏడ్చినా.

ఆ తర్వాత అంతా వేగంగా జరిగిపోయింది. స్నానం చేయించి, ఈబూది పూసి, తలపాగా చుట్టి పల్లకిలో కూర్చోబెట్టినారు. మెడ వాలకుండా వెనక కర్రకు గుడ్డతో కట్టినారు. పదేండ్ల తర్వాత నాయనను బాసిపట్టు వేసుకోని చూసి ఊరు ఊరంతా దండం పెట్టింది. మా ఇండ్లల్లో ఆడోళ్లు గుంత దాకా పోయేది తక్కువ. నన్ను ఎవరూ వద్దనలేదు.

గుంతలోకి దిగి కూర్చోబెట్టేదానికి ఇద్దరు కావాల. చిన్నాయన నేను దిగుతానన్నాడు. ఈ వయసులో నీకెందుకు, ఎక్కలేవు అన్నారు. ఆయన చెప్పులు ఇడిచి అప్పటికే కాలు లోపల పెట్టినాడు. పైనుంచి నాయనను అందిచ్చినాం, కింద ఆయన, అన్న పట్టుకున్నారు. గుంత గోడలో తొలిచిన గూట్లో అమ్మ సమాధి పక్కకు ఆనించి కూర్చోబెట్టినారు. జంగమయ్య పైనుంచి మంత్రం చెప్తాంటే అన్న నాయన అరచేతిలో లింగం పెట్టి పైకొచ్చేసినాడు. చిన్నాయన రాలేదు.

ఆయన గుంతలో నాయన ముందర గొంతుకూర్చోని, రెండు మోకాళ్ల మీద రెండు చేతులు పెట్టి, వేళ్లతో తడిమి చూస్తాండాడు. కీలు యాడుందో, అది ఉండాల్సిన తావులో ఉందో లేదో చూసేటట్ల. పైన ఉప్పు బస్తా విప్పి పట్టుకున్నోళ్లు ఎదురు చూస్తాండారు. రా అప్పా అని ఎవరో పిలిచినారు. ఆయన తల ఎత్తినాడు. అంతమందిలో నన్ను వెతికి చూసినాడు.

"మే పాపా. ఆ పొద్దు మా యన్నకు గూడా, రవంత ఆగింటే సరిపోతాండెనా?"

ఎవరికైనా వదులుతుంది, ఓపిక పడితే చాలు అన్న డాక్టరు మాట నా చెవిలో ఇంకా ఉండాది. నోటికి వచ్చింది చెప్పేసే మనిషిని నేను, మొఖం మీద కొట్టినట్లు చెప్పేదాన్ని. గుంతలోంచి ఆ ముసలాయన కండ్లు నన్నే చూస్తాండాయి.

"లేదు చిన్నాయనా" అంటి. "అది కూడా అడిగినా డాక్టరును. పెదనాయనకు ఉన్న జబ్బుతో పోయినోళ్లకు ఎన్ని దినాలు ఆగినా వదలదంట. ఆ పొద్దు నువ్వు చేసింది తప్ప వేరే దారి లేదంట."

అట్లనా, అన్నాడు. అట్లనే చిన్నాయనా, అంటి. పైకి చెయ్యి చాపినాడు, అన్న ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకోని లాగినాం.

నేను డాక్టరును అది అడగనే లేదు. పెదనాయన ఏ జబ్బుతో పోయినాడో కూడా నాకు తెలీదు.